మన సముద్రాల అడుగున గడ్డి

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాసివ్వమని వార్డెన్ సార్ అడిగినప్పుడు మాకు ముందుగా తోచినవి మామూలు విషయాలే. క్రమశిక్షణ, గ్రంథాలయం, సెల్‌ఫోన్ వల్ల లాభనష్టాలు. అవన్నీ పోయినేటి సంచికలో వచ్చాయి. అంతకుముందు ఏటి సంచికలోనూ వచ్చాయి. అందుకని ఈసారి మేం చెరువులో నాచు గురించి రాస్తున్నాం. మిత్రులారా, నవ్వకండి. ఇది చిన్న సంగతిలా మొదలై మమ్మల్ని ఏడాది పొడవునా పట్టుకున్న సంగతి.

మేం ముగ్గురం ఇంటర్ బైపీసీ చదువుతున్నవాళ్లం. ఒకరిది గద్వాల వైపు, ఒకరిది వనపర్తి వైపు, ఒకరిది నాగర్‌కర్నూల్ వైపు. పోయిన చలికాలంలో పదో తరగతి తమ్ముళ్లకు జీవశాస్త్రం ప్రయోగం కోసం హైడ్రిల్లా కావాల్సి వచ్చింది. అందరూ చేసిన ప్రయోగమే. బీకరు నీళ్లలో హైడ్రిల్లా కొమ్మలు పెట్టి, మీద గరాటు బోర్లించి, గరాటు కాడ మీద నీళ్లు నింపిన పరీక్షనాళిక బోర్లించి ఎండలో ఉంచితే బుడగలు లేస్తాయి. ఆ బుడగలు ఆక్సిజన్. మేం ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఊరి పక్క చెరువు గట్టున కూర్చొని చెయ్యి పెడితే ఆ మొక్క గుప్పెళ్ల కొద్దీ వచ్చేది. అదే ధైర్యంతో "మేం తెస్తాం లెండి సార్" అని బకెట్ పట్టుకుని పోయాం.

ఆ చెరువు కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచాం. ఒక్క కొమ్మ దొరకలేదు. ఒకవైపు గుర్రపు డెక్క నీళ్లు కనబడకుండా కమ్ముకుంది. మిగతావైపు నీళ్లు పచ్చరంగు కలిపినట్టున్నాయి. చివరికి మాలో ఒకరి ఊళ్లో పాత దిగుడు బావిలో దొరికితే, క్యారీ బ్యాగులో నీళ్లు పోసి ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాం. బుడగలు వచ్చాయి, తమ్ముళ్లు రికార్డులో బొమ్మ వేసుకున్నారు, మార్కులు పడ్డాయి. మాకు మాత్రం ప్రశ్న మిగిలింది. చెరువులో ఉన్నది ఎటు పోయింది?

ఇంటర్ మొదటి సంవత్సరం వృక్షశాస్త్రంలో నీటి ద్వారా జరిగే పరాగ సంపర్కం అని ఒక చిన్న భాగం ఉంటుంది. అందులో వరుసగా మూడు పేర్లు వస్తాయి: వాలిస్‌నేరియా, హైడ్రిల్లా, జోస్టెరా. మాలో కొందరం సెలవుల్లో గద్వాల వైపు సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్‌కు పోయినవాళ్లమే. పరాగ సంపర్కం అంటే ఏమిటో మాకు పుస్తకం తెరవకముందే చేతివేళ్లకు తెలుసు. కానీ నీళ్లలో పువ్వు పూసి, నీళ్లలోనే పుప్పొడి ప్రయాణం చేస్తుందంటే మాకు విడ్డూరమనిపించింది. వాలిస్‌నేరియాలో మగపువ్వులు అడుగున తెగి పైకి తేలివచ్చి, నీటి మీద కదులుతూ ఆడపువ్వును చేరతాయట. జోస్టెరాకు ఆ తేలడం కూడా లేదు. దాని పుప్పొడి సన్నటి పోగులా ఉండి నీటి లోపలే కొట్టుకుపోతుంది. ఈ జోస్టెరా అనేదే సముద్ర గడ్డి. పరీక్షలో అరమార్కు కోసం దాని పేరు బట్టీ పట్టే మనలో ఎంతమందిమి అదేమిటని అడిగాం?

ఇక్కడ ఒక మాట స్పష్టం చేసుకోవాలి. మన వాడుకలో నీళ్లల్లో పచ్చగా కనబడే ప్రతిదీ నాచే. శాస్త్రంలో అలా కాదు. రాళ్లకు పట్టే పాచి, నీళ్లను పచ్చగా చేసేవి శైవలాలు. వాటికి వేరు లేదు, పువ్వు లేదు. సముద్ర గడ్డి అలాంటిది కాదు. దానికి వేళ్లున్నాయి, ఆకులున్నాయి, పువ్వు, గింజ ఉన్నాయి. ఒకప్పుడు నేల మీది మొక్కల నుంచి వచ్చి తిరిగి నీళ్లలోకి దిగిన జాతి అది. ప్రపంచం మొత్తం మీద సుమారు డెబ్భై రకాలే ఉన్నాయి. మన దేశంలో ఎక్కువగా తమిళనాడు దగ్గర మన్నార్ సింధుశాఖలో, పాక్ అఖాతంలో ఉన్నాయి. సముద్రపు ఆవు అని పిలిచే డుగాంగ్ ఈ గడ్డి మేసే బతుకుతుంది. దాని కోసం 2022లో తమిళనాడు ప్రభుత్వం పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల మేర రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది. మన తెలుగువాళ్లకు దగ్గరలో చూడాలంటే పులికాట్ సరస్సులో, ఒడిశా చిలికాలో హాలోఫిలా అనే చిన్న రకం ఉంది.

ఆ హాలోఫిలా కుటుంబం పేరు చూసినప్పుడు మేం పుస్తకం మూసి మళ్లీ తెరిచాం. హైడ్రోకారిటేసీ. మన చెరువు హైడ్రిల్లాదీ అదే కుటుంబం. వాలిస్‌నేరియాదీ అదే. అంటే పులికాట్ ఉప్పునీళ్ల అడుగున ఉన్న గడ్డి, మేం బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కొమ్మ దాయాదులు!

మేం ముగ్గురం సముద్రం చూడలేదు. మా హాస్టల్‌లో చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. అయినా మా ప్రాంతంలో సముద్రాలకేమీ కొదవలేదు. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడి పక్కన రంగసముద్రం ఉంది. కానాయపల్లి దగ్గర శంకరసముద్రం. వనపర్తి సంస్థానం చెరువులను సప్త సముద్రాలు అని చెప్పుకుంటారు. నాగర్‌కర్నూల్‌లో కేసరి సముద్రం. వానలు తక్కువ పడే నేల మీద మనిషి చేత్తో కట్టిన చెరువుకు మన పెద్దలు సముద్రం అని పేరు పెట్టుకున్నారు. ఎంత ఆశతో పెట్టుకున్నారో! కాబట్టి సముద్ర గడ్డి గురించి మాట్లాడే హక్కు మాకూ ఉందని మా వాదన.

ఇక అసలు విషయానికి వద్దాం. సముద్ర గడ్డి మీద పరిశోధన చేసేవాళ్లు దాన్ని ఎందుకు అంత పట్టుదలగా చూస్తారు? అది చేపపిల్లలకు దాగుడుచోటు, వేళ్లతో అడుగు మట్టిని పట్టుకుంటుంది, కార్బన్‌ను బురదలో పూడ్చిపెడుతుంది. సముద్రాల అడుగుభాగంలో ఒక శాతంలో ఐదో వంతు కూడా ఆక్రమించని ఈ గడ్డి, సముద్రాలు ఏటా పూడ్చిపెట్టే కార్బన్‌లో పదో వంతు దాకా తానే దాస్తుందని అంచనా. ఇవన్నీ సరే. కానీ మాకు ముఖ్యంగా తోచింది వేరే. ఈ గడ్డి అబద్ధం చెప్పలేదు. నీళ్లు పాడైతే చేప ఈదుకుంటూ పోతుంది, కొంగ ఎగిరిపోతుంది. వేళ్లూనిన గడ్డి ఎక్కడికీ పోలేదు. ఉంటే ఉంటుంది, లేకపోతే చస్తుంది. అందుకే ఒక జలాశయం ఆరోగ్యం చూడాలంటే ముందు అడుగున గడ్డి చూడమంటారు, మనిషికి జ్వరమొస్తే నాలుక చూసినట్టు.

ఎలా చస్తుందో కూడా తెలుసుకోవాలి. గడ్డికి ముందుగా కావాల్సింది వెలుతురు. చేలల్లోంచి యూరియా, డీఏపీ కరిగిన నీళ్లు వస్తాయి. ఊళ్లోంచి మురుగు వస్తుంది. ఆ నత్రజని, భాస్వరం తిని శైవలాలు విపరీతంగా పెరుగుతాయి. నీళ్లు పచ్చబడి వెలుతురు అడుగుకు చేరదు. గడ్డి చస్తుంది. గడ్డి పోయాక బురదను పట్టుకునేవాడు లేడు. గాలికి, అలకు బురద లేచి నీళ్లు ఇంకా మసకబారతాయి. దాంతో మిగిలిన గడ్డీ పోతుంది. ఒకసారి ఇలా తిరగబడిందంటే మళ్లీ వెనక్కి తేవడం కష్టం. మురుగును కొంచెం తగ్గిస్తే చాలదు, బాగా తగ్గించాలి. సముద్రంలో ఇది ఎలా జరుగుతుందో లోతు తక్కువ చెరువులోనూ అలాగే జరుగుతుంది. సముద్రమైనా చెరువైనా ఎండకు పక్షపాతం లేదు కదా.

ప్రపంచంలో దీనికి నిదర్శనాలు చాలా ఉన్నాయి. 1930ల్లో అట్లాంటిక్ ఉత్తర తీరాల్లో జోస్టెరాకు తెగులొచ్చి చాలాచోట్ల తుడిచిపెట్టుకుపోయింది. దాని మీద ఆధారపడ్డ బాతులు తగ్గాయి. ఆ గడ్డి ఆకు మీద మాత్రమే బతికే నత్తలాంటి చిన్న జీవి ఒకటి మళ్లీ ఎవరికీ కనబడలేదు. 2009లో అచ్చైన ఒక పరిశోధన ప్రకారం 1879 నుంచి లెక్కలున్న ప్రాంతాల్లో సముద్ర గడ్డి 29 శాతం పోయింది. బాగుపడ్డ కథలూ ఉన్నాయి. చిలికా సరస్సు పూడిపోతుంటే 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వారు. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితాలో 1993 నుంచి ఉన్న ఆ సరస్సు పేరు 2002లో తీసేశారు. చేపలు తిరిగొచ్చాయి, అడుగున గడ్డి మళ్లీ పరుచుకుంది.

అమెరికాలో చెసాపీక్ అఖాతం కథ మాకు మరీ నచ్చింది. ఆ అఖాతం పైభాగంలో నదుల మంచినీళ్లు, అక్కడ వాలిస్‌నేరియా. కిందిభాగంలో ఉప్పునీళ్లు, అక్కడ జోస్టెరా. అక్కడి శాస్త్రవేత్తలు ఇది సముద్ర గడ్డి, అది చెరువు గడ్డి అని వేరుచేసి చూడలేదు. రెండింటినీ కలిపి 1984 నుంచి ఏటా విమానంలోంచి ఫొటోలు తీసి కొలుస్తున్నారు. నీళ్లలో నత్రజని 23 శాతం తగ్గేసరికి సుమారు 17,000 హెక్టార్ల గడ్డి తిరిగి వచ్చిందని 2018లో ప్రకటించారు. ఏటా కొలిచారు కాబట్టి చెప్పగలిగారు. మేం అడుగుతున్నదీ అదే. మన దగ్గర ఎవరు కొలుస్తున్నారు?

మన దగ్గర నీళ్లను కొలవడంలో లోటేమీ లేదు. వానాకాలం వస్తే జూరాల పూర్తి నిల్వ 9.657 టీఎంసీలు, ఇన్‌ఫ్లో ఇంత, అవుట్‌ఫ్లో ఇంత అని రోజూ పేపర్లో చదువుతాం. పోటీ పరీక్షల పుస్తకాల్లో సరళాసాగర్ సైఫన్ల గురించి ప్రశ్న ఉంటుంది. ఆ ప్రాజెక్టు కట్ట 2019 డిసెంబరు 31న తెగినప్పుడు ఎన్ని నీళ్లు పోయాయో, ఎన్ని ఎకరాలు మునిగాయో అందరం మాట్లాడుకున్నాం. ఆ నీళ్లతో పాటు అడుగున ఏమేం పోయాయో మేమూ అడగలేదు. నీళ్ల కోసం అలమటించిన పాలమూరు వాళ్లకు నీళ్ల లెక్కే ముందు తోచడం సహజమే. వలస బస్సులెక్కిన తల్లిదండ్రుల పిల్లలం మేం. నీళ్ల విలువ మాకు ఎవరూ చెప్పక్కరలేదు. అయితే నీళ్లు రావడం వేరు, ఆ నీళ్లు బతికి ఉండడం వేరు.

మేం చెరువు దగ్గర చేపలు పట్టే ఒక పెద్దాయనను అడిగాం.

"తాతా, ఈడ నాచు ఉండేది గదా, ఏమైంది?"

"నాచు యాడికెల్లి ఉంటది బిడ్డా. ఎండ అడుక్కు దిగాలె గదా. మోచేతి దాంక ముంచితే నా చెయ్యి నాకే కనబడ్తలేదు."

ఇటలీలో ఆంజెలో సెక్కి అనే ఖగోళ శాస్త్రవేత్త 1865లో తెల్లటి పళ్లేన్ని తాడుకు కట్టి సముద్రంలోకి దించి, ఎంత లోతులో కనబడకుండా పోతుందో కొలిచాడు. నేటికీ నీళ్ల తేటదనాన్ని ఆ పళ్లెంతోనే కొలుస్తారు. తాత చెయ్యి పెట్టి కొలిచాడు, అంతే తేడా.

ఆయనే ఇంకో సంగతి చెప్పాడు. "ఎన్కట నాచుల కొర్రమీను పిల్లలు పొట్టుపొట్టు ఉండేటివి. పరకలు ఉండేటివి. ఇప్పుడు సర్కారోళ్లు ఏసిన పిల్లలే గాని చెర్వుల పుట్టినయి లేవు." ఈ మాట మా బుర్రలోంచి పోవడం లేదు. 2016-17 నుంచి రాష్ట్రంలో చెరువులకు ఉచితంగా చేపపిల్లలు పంచారు. బొచ్చె, రవ్వు, బంగారు తీగ. మత్స్యకారుల కుటుంబాలకు అది మేలే, కాదనడం లేదు. మా హాస్టల్‌లో ఆ ఇళ్ల పిల్లలూ ఉన్నారు. కానీ బంగారు తీగ బురద తవ్వి తినే చేప. తవ్వుతూ మొక్కల వేళ్లు పెకలిస్తుంది, నీళ్లు కలక చేస్తుంది. ఇది చాలా దేశాల్లో గమనించిన విషయం. అడుగున గడ్డి ఉందో లేదో చూడకుండా అన్ని చెరువులకూ ఒకే కొలత ప్రకారం చేపపిల్లలు వదిలితే, కొర్రమీను ఎక్కడ దాక్కుంటుంది? 2016లో కొర్రమీనును తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నాం. దాని పిల్లలకు ఇల్లెక్కడ?

పచ్చబడ్డ చెరువులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. పగలు శైవలాలు ఆక్సిజన్ ఇస్తాయి. రాత్రి అవే ఆక్సిజన్ తీసుకుంటాయి. మబ్బుపట్టిన రోజుల్లో, శైవలాలు ఒక్కసారి చచ్చి కుళ్లినప్పుడు, తెల్లవారుజామున నీళ్లలో ఊపిరి అందక చేపలు తేలతాయి. అప్పుడు ఎవరో మందు కలిపారని ఊళ్లో గొడవలవుతాయి. కలిపిన సందర్భాలూ ఉండవచ్చు. కానీ ఎవరూ ఏమీ కలపకుండా కూడా, మనందరం కలిసి ఏడాది పొడవునా కలిపిన దానివల్లే చావవచ్చు.

చెరువుల పూడిక గురించి కూడా చెప్పాలి. 2015 మార్చి 12న మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని సంకల్పించారు. మా ఊళ్లల్లోనూ పూడిక తీశారు, ఆ ఒండ్రు మట్టి చేలకు తోలారు, మా నాన్నలూ ట్రాక్టర్లకు ఎత్తారు. తూములు, అలుగులు బాగయ్యాయి. మేం దాన్ని తప్పుపట్టడం లేదు. మా అభిప్రాయం ఒక్కటే. నీటి మొక్కల గింజలు, దుంపలు ఆ ఒండ్రులోనే నిద్రపోతుంటాయి. అడుగంతా ఒక్కసారే గీకి పారేస్తే మళ్లీ మొలవడానికి విత్తనం ఉండదు. రైతు పంటంతా అమ్ముకోడు కదా, విత్తనాలు దాచుకుంటాడు. ఒక మూల ఎకరమో రెండెకరాలో ముట్టకుండా వదిలితే ఏం పోతుంది? ఇక చెరువు సుందరీకరణ అని కట్ట మీద బెంచీలు, రంగుల లైట్లు, బతుకమ్మ ఘాట్లు కడుతున్నారు. చూడటానికి బాగుంటాయి. సాయంత్రం మేమూ పోయి కూర్చుంటాం. పక్కనే మురుగు కాలువ అదే చెరువులోకి దిగుతుంటే మాత్రం ఆ లైట్లు మాకు సంతోషం కలిగించవు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. మా ఊళ్లో ఒక రైతు అన్నాడు: "నాచు ఎక్కువైతే తూము మూస్కపోతది, వలకు తట్టుకుంటది, దాన్ని పెంచుమంటవేంది?" నిజమే. హైడ్రిల్లా అమాయకమైన మొక్క కాదు. 1950ల్లో అక్వేరియం వ్యాపారంతో అమెరికాలోని ఫ్లోరిడాకు చేరి అక్కడి చెరువులను కమ్మేసింది. మన చేలకు అమెరికా నుంచి వయ్యారిభామ వచ్చినట్టు, వాళ్ల చెరువులకు మన హైడ్రిల్లా పోయింది! కాబట్టి చెరువంతా నాచు నింపమని మేం చెప్పడం లేదు. తూము దగ్గర తీసెయ్యండి, వల వేసే చోట తీసెయ్యండి. కానీ అడుగున గడ్డి మొత్తం పోయిన చెరువు శుభ్రమైన చెరువు అనుకోవద్దని మాత్రం చెబుతున్నాం. గుర్రపు డెక్కను, హైడ్రిల్లాను ఒకే గాటన కట్టడం కూడా తప్పే. ఒకటి పైన తేలి వెలుతురు మింగుతుంది, రెండోది లోపల ఉండి ఆ వెలుతురుతో నీళ్లకు ఊపిరి పోస్తుంది.

ఇది సంక్షేమ హాస్టల్ పిల్లలకెందుకు అని ఎవరైనా అనవచ్చు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిటపట్టి తాగాడు. ప్రతి ఏప్రిల్ 14న మనం ఆ సంగతి స్టేజీ మీద చెప్పుకుంటాం. మా తాతల కాలంలో మా వాడలవాళ్లకు చెరువులో వేరే రేవు. ఇప్పుడు ఏ రేవులోనైనా దిగవచ్చు. దిగి దోసిట పడితే ఆ నీళ్లు నోట్లో పోసుకోలేం. హక్కు వచ్చేసరికి నీళ్లు పోయాయి. ఇది మాకు మామూలు పర్యావరణ సమస్యలా అనిపించడం లేదు. చెరువు పాడైతే బోరు వేయించుకోగలిగినవాడు బోరు వేయించుకుంటాడు. గొర్రెలు, బర్రెలు, చాకిరేవు, వల, గాలం, వీటి మీద బతికేవాడికే చెరువు కావాలి.

అయితే ఏం చేయాలి? ఆస్ట్రేలియాలో 1998లో సీగ్రాస్ వాచ్ అని ఒక కార్యక్రమం మొదలైంది. శాస్త్రవేత్తలతో పాటు మామూలు జనం, బడిపిల్లలు కూడా సముద్ర గడ్డిని లెక్కిస్తారు. పద్ధతి మనం చేయలేనిదేమీ కాదు. యాభై సెంటీమీటర్ల చదరపు చట్రం ఒకటి కావాలి. యాభై మీటర్ల తాడు మూడు వరుసలుగా పరిచి, ప్రతి ఐదు మీటర్లకు చట్రం పెట్టి, అందులో గడ్డి ఎంత భాగం కప్పిందో, ఏ రకమో, ఎంత ఎత్తో రాసుకోవాలి. ఒక వరుసకు 11, మొత్తం 33 చోట్ల. అవే చోట్ల ఏటా మళ్లీ చూడాలి. అంతే. డాక్టరేట్ అక్కరలేదు, నిజాయితీ ఉంటే చాలు.

మేం ప్లాస్టిక్ పైపుతో చట్రం చేశాం. వార్డెన్ సార్ మొదట ససేమిరా అన్నారు, చెరువులో పిల్లలు మునిగిపోయే వార్తలు ఏటా చూస్తున్నాం కాబట్టి ఆయన్ను తప్పుపట్టలేం. చివరికి మోకాటి లోతు దాటొద్దని, ఈత వచ్చిన పెద్దవాళ్లు ఒకరు వెంట ఉండాలని షరతు పెట్టి ఒప్పుకున్నారు. తాతే వెంట వచ్చాడు. మొదటి ఆదివారం చట్రం నీటి మీద తేలిపోయింది. పైపులో ఇసుక పోయాలని తెలియదు. రెండో ఆదివారం ఇసుక పోసుకుని వెళ్లాం. చాలా చట్రాల్లో ఒట్టి బురద. అలుగు వైపు మాత్రం, వాన నీరు నేరుగా వచ్చే చోట, రెండు మూడు చట్రాల్లో సన్నటి రిబ్బను లాంటి ఆకులు కనిపించాయి. వాలిస్‌నేరియా! పుస్తకంలో బొమ్మగా చూసిన మొక్కను నీళ్లలో చూసి మేం అరిచిన అరుపుకు కట్ట మీద బర్రెలు బెదిరాయి.

మేం కోరేవి పెద్ద కోరికలేమీ కావు. మూడు జిల్లాల్లో ఎన్ని సంక్షేమ హాస్టళ్లు ఉన్నాయి, వాటి పక్కన ఎన్ని చెరువులు ఉన్నాయి! ఒక్కో హాస్టల్ ఒక్కో చెరువును ఏడాదికి ఒకసారి లెక్కిస్తే చాలు. పెబ్బేరులో చేపల శాస్త్రం చెప్పే కళాశాల ఉంది. అక్కడి అధ్యాపకులు ఒక్కరోజు వచ్చి మేం రాసింది ఒప్పో తప్పో చెబితే మాకు కొండంత బలం. మురుగు కాలువ ఏ చెరువులో కలుస్తుందో మున్సిపాలిటీ వాళ్లకు చెప్పాలంటే మా దగ్గర కాగితం మీద లెక్క ఉండాలి. ఊరికే వాసన వస్తోందని చెబితే వినేవాళ్లు లేరని మాకు అనుభవమే. ఇక చెరువు పై చేలల్లో యూరియా తగ్గించమని మా నాన్నలకు చెప్పే పని ఉంది. అది మాత్రం మున్సిపాలిటీకి చెప్పడం కంటే కష్టం.

ఏప్రిల్‌తో మా చదువు ఇక్కడ అయిపోతుంది. తర్వాత ఎవరం ఎక్కడుంటామో తెలియదు. దిగుడు బావి నుంచి తెచ్చిన హైడ్రిల్లా మెస్ కిటికీలో గాజు సీసాలో పెరుగుతోంది, వారానికోసారి నీళ్లు మార్చండి. నోట్‌బుక్ లైబ్రరీ బీరువాలో రెండో అరలో పెట్టాం. చట్రం స్టోర్ రూంలో బియ్యం బస్తాల వెనక ఉంది. తాడును ఎలుకలు కొరికాయి, కొత్తది కొనాలి. సంక్రాంతి సెలవుల నుంచి వచ్చాక, ఎండలు ముదరకముందే లెక్కించండి. అలుగు వైపు నుంచి మొదలుపెట్టండి.